1010కీ 1001కీ తేడా తొమ్మిది

ఆంధ్రప్రదేశ్‌లో ఉంగుటూరు మండలాలు రెండున్నాయి. ఒకటి గన్నవరం వైపు, కృష్ణా జిల్లాలో. రెండోది ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, హైవే మీద. ఈ రెండోది 2022 ఏప్రిల్ 4 దాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి ఏలూరు జిల్లాకి వచ్చింది. పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపేటప్పుడు తొందరలో ఒక ఉంగుటూరు బదులు ఇంకో ఉంగుటూరు నొక్కడం పెద్ద వింతేమీ కాదు. అయినా భయం లేదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. "ఊరు కైకరం అంటున్నావు, జిల్లా కృష్ణా అని ఉందేమిటయ్యా?" అని అడుగుతారు. ఊరి పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి కాబట్టి పేరులో తప్పు మనిషి కంటికి ఆనుతుంది.

అంకెకి అలాంటి సాక్షి ఉండడు.

మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. అక్కడ పుట్టిన వంగడాలకి ముందు ఎంటీయూ అని ఉంటుంది, పక్కన ఒక నంబరు. స్వర్ణ అంటే 7029. ఈ జిల్లాల రైతులు పేరుకన్నా నంబరే ఎక్కువగా అంటారు. 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, 1001 అంటే విజేత. రెండూ నిజంగా ఉన్న రకాలే. పంట నమోదులోనో, విత్తనాల స్టాకు పుస్తకంలోనో చివరి రెండంకెలు అటూ ఇటూ అయితే సన్నాలు కాస్తా విజేత అయి కూర్చుంటాయి, కంప్యూటర్ కిక్కురుమనదు. దానికి రెండు నంబర్లూ తెలుసు మరి. అలాగే 1061 ఇంద్ర, 1064 అమర. కీబోర్డు కుడివైపున్న నంబర్ ప్యాడ్ మీద 1కి సరిగ్గా పైన ఉండేది 4. రెండూ ఒకే వేలు నొక్కాల్సినవి. వేలు కాస్త ఎక్కువ జరిగితే చాలు, పొలంలో పంట మారిపోతుంది.

టైపింగ్ గురించి మాట వచ్చినప్పుడల్లా అందరూ అడిగేది "స్పీడెంత?" అనే. అంకెలు ఎక్కించే పనిలో మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. చెయ్యి ఆడుతున్నప్పుడు కన్ను ఎక్కడుంది, ఇదీ అడగాల్సింది. వేగం దాని వెనకాలే వస్తుంది.

డేటా ఎంట్రీ అనగానే ఏ హైదరాబాద్ ఆఫీసో, వరసగా కూర్చున్న ఆపరేటర్లో గుర్తుకొస్తారు గానీ, ఈ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లలో చాలామందికి ఆ హోదా లేదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఊరూరా ఒక డిజిటల్ అసిస్టెంట్ వచ్చారు. ధాన్యం కొనుగోలు రోజుల్లో రైతు సేవా కేంద్రం దగ్గర ఆధార్, ఖాతా, బస్తాలు, తేమ శాతం, లారీ నంబరు ఎవరో ఒకరు కొట్టాల్సిందే. రైస్ మిల్లులో గుమస్తా, కైకలూరు, ఆకివీడు వైపు చేపల ప్యాకింగ్ దగ్గర కాటా చీటీలు ఎక్కించే కుర్రాడు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లెక్కలు చూసే మనిషి, ఎరువుల కొట్టులో బిల్లు కొట్టే అమ్మాయి, వీళ్లందరూ రోజంతా అంకెలు కొడుతూనే ఉంటారు. ఎవరూ వాళ్లకి చెయ్యి ఎలా పెట్టాలో చెప్పి ఉండరు. కూర్చోబెట్టి పాస్‌వర్డ్ ఇచ్చారు, అంతే.

ముందు స్పీడు కొలతలు చూద్దాం, ఎందుకంటే వీటి దగ్గర గందరగోళం ఎక్కువ. టైపు ఇన్‌స్టిట్యూట్ లెక్క నిమిషానికి ఇన్ని మాటలు అని. సాంకేతిక విద్యా మండలి పెట్టే ఇంగ్లిష్ టైప్‌రైటింగ్ పరీక్షలో లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. ఇక్కడ మాట అంటే నిఘంటువులో మాట కాదు, అయిదు సార్లు కీ నొక్కితే ఒక మాట కింద లెక్క. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ మాత్రం డేటా ఎంట్రీ ఆపరేటర్ పోస్టుకి గంటలెక్కన అడుగుతుంది: గంటకు 8,000 కీ డిప్రెషన్లు. కొన్ని శాఖల్లో పోస్టుకైతే 15,000. వినడానికి కొండంత కనిపిస్తుంది గానీ, 8,000ని 60తో భాగిస్తే నిమిషానికి 133, దాన్ని అయిదుతో భాగిస్తే 27 మాటలకి కాస్త తక్కువ. అంటే లోయర్ పాసైన పిల్లకి అది అందని స్పీడేమీ కాదు. 15,000 అంటే నిమిషానికి 50 మాటలు, సెకనుకి నాలుగు దెబ్బలు. ఇది కష్టమే.

ఇప్పుడు దీన్నే ఒక ధాన్యం చీటీకి వర్తింపజేద్దాం. ఆధార్ 12 అంకెలు, ఫోన్ 10, బ్యాంకు ఖాతా 11 అనుకుందాం, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11, బస్తాలు మూడు, తూకం అయిదు. మొత్తం 52, గడి నుంచి గడికి జరగడానికి ఇంకో ఆరు, వెరసి 58 దెబ్బలు. గంటకు 8,000 కొట్టేవాళ్లు లెక్క ప్రకారం గంటకి 137 చీటీలు ముగించాలి. కొనుగోలు కేంద్రంలో ఆ అంకె చెబితే నవ్వుతారు. కాగితం తిప్పాలి, రైతు రాతలో అది 1 అవునో 7 అవునో తేల్చుకోవాలి, సర్వర్ కదలాలి. వేళ్లు ఆగి ఉన్న సమయమే ఎక్కువ. ఆ మిగిలిన కాసిని క్షణాల్లో వేళ్లని ఇంకా పరిగెత్తించి మిగిల్చేది పెద్దగా ఉండదు.

పోయేది మాత్రం ఉంది. ఎవరైనా నూటికి 99 దెబ్బలు సరిగ్గా కొడతారని అనుకోండి. పరీక్షలో 99 మార్కులంటే ఇంట్లో పాయసం వండుతారు. కానీ 58 దెబ్బల చీటీలో ఒక్క తప్పూ లేకుండా ఉండాలంటే ఆ 99 శాతం 58 సార్లు వరసగా నెగ్గుకు రావాలి. గుణించుకుంటూ పోతే 56 శాతం దగ్గర తేలుతుంది. అంటే 100 చీటీల్లో 44 చీటీలకి ఎక్కడో ఒక తప్పు. వెయ్యికి ఒక్క తప్పు చేసే చెయ్యి అయితే 100 చీటీల్లో ఆరు లోపు. స్పీడు రెట్టింపు చేస్తే మహా అయితే పని రెట్టింపు అవుతుంది, తప్పుల్ని పదోవంతుకి తగ్గిస్తే 44 కాస్తా ఆరవుతుంది. ఏది లాభమో మిల్లు యజమానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక తప్పు వెతికి దిద్దడానికి పట్టే టైములో పది చీటీలు కొత్తగా ఎక్కించవచ్చు.

ఇక చెయ్యి సంగతి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిన తరం ఎవరినడిగినా 'ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజేహెచ్‌జే' అని నిద్రలో కూడా అప్పజెబుతారు. గోద్రెజ్ వాళ్లు 1955లో మన దేశంలో టైపు మిషన్ తయారీ మొదలుపెట్టాక చిన్న పట్టణాలకీ ఈ మోత పాకింది. ఆ పాఠంలో అసలు కిటుకు అక్షరాల వరసలో లేదు. మాస్టారు కీబోర్డు వైపు చూడనివ్వకపోవడంలో ఉంది. ఇప్పటికీ కీబోర్డు మీద ఎఫ్, జే అక్షరాల కింద చిన్న గీత పొడుచుకొచ్చి ఉంటుంది. చూపుడువేళ్లు రెండూ ఆ గీతల్ని తడిమి ఇంటికి చేరతాయి, అక్కణ్ణుంచి మిగతా వేళ్ల దారి వాటికి తెలుసు.

చూడకుండా కొట్టడం ఎంత పని చేస్తుందో 1888లోనే తేలింది. ఆ ఏడు జులై 25న అమెరికాలోని సిన్సినాటిలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్, లూయిస్ ట్రాబ్ అనే పేరున్న టైపిస్టుతో పందెం వేసుకుని గెలిచాడు. మెక్‌గరిన్ కీబోర్డు వైపు చూడడు, పది వేళ్లూ వాడతాడు. ఆ వార్త పాకాకే 'టచ్ టైపింగ్' అనేదానికి గిరాకీ వచ్చింది. ఇక్కడొక తిరకాసుంది. ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్లు 2016లో కెమెరాలు పెట్టి మరీ చూస్తే, ఇన్‌స్టిట్యూట్ మొహం చూడకుండా సొంతంగా నేర్చుకున్నవాళ్లలో కొందరు, పది వేళ్ల పద్ధతి నేర్చినవాళ్లతో సమానంగా కొట్టారు. తేడా వచ్చింది చూపులో: సొంతంగా నేర్చుకున్నవాళ్ల కళ్లు ఎక్కువసేపు కీబోర్డు మీదే ఉన్నాయి. మనసులో మాట టైపు చేసేవాడికి దాంతో పెద్ద నష్టం లేదు. చీటీ చూసి కొట్టేవాడికి ఉంది. కాగితం, కీబోర్డు, తెర, ఈ మూడింటి మధ్య కన్ను తిరిగిన ప్రతిసారీ వరస తప్పే అవకాశం ఉంటుంది. పై చీటీలో తూకం, కింది చీటీలో పేరు కలిసిపోయేది అక్కడే. అదే యూనివర్సిటీ 2018లో లక్షా 68 వేల మంది టైపింగ్‌ని లెక్కగట్టినప్పుడు సగటు నిమిషానికి 52 మాటలు వచ్చింది. స్పీడు ఎక్కువున్నవాళ్లు తప్పులూ తక్కువ చేశారు. తొందర వేరు, వేగం వేరు అన్నమాట.

అంకెలకి కీబోర్డు పైవరస వాడొద్దు. అక్కడ పది అంకెలు పొడుగ్గా పరుచుకుని ఉంటాయి, చూడకుండా అందుకోవడం అక్షరాలకన్నా కష్టం. కుడివైపు నంబర్ ప్యాడ్ ఉన్నదే ఇందుకు. దాని మధ్యలో 5 మీద చిన్న బొడిపె ఉంటుంది. నడిమి వేలు దాని మీద పెడితే చూపుడువేలు 4 మీద, ఉంగరపు వేలు 6 మీద వాటంతటవే వాలతాయి. చూపుడువేలిది 7, 4, 1 నిలువు వరస. నడిమి వేలిది 8, 5, 2. ఉంగరపు వేలు 9, 6, 3తో పాటు చుక్కని కూడా చూసుకుంటుంది. సున్నా బొటనవేలికి. చిటికెన వేలికి ఎంటర్, ప్లస్, మైనస్. చాలామంది చేసేదేమిటంటే చూపుడువేలు ఒక్కదాన్నే పొడుస్తూ, ఎంటర్ దగ్గరికి చెయ్యంతా జరిపి, మళ్లీ వెనక్కి వస్తారు. చెయ్యి లేచిందంటే తిరిగి ఎక్కడ వాలుతుందో నమ్మకం లేదు. ఒక గడి పైన వాలితే 1 కొట్టాల్సిన చోట 4, 4 కొట్టాల్సిన చోట 7 పడుతూ పోతాయి. అందుకే ప్రతి ఎంటర్ తర్వాతా నడిమి వేలు బొడిపెని ఒకసారి తాకి రావాలి. ఇది ఒక్కటి అలవాటైతే సగం పని అయినట్టే.

ఆ బొడిపె మీద ప్లాస్టిక్ తొడుగు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మిల్లుల్లో ఊక దుమ్ము, చేపల దగ్గర నీటి తడి. కీబోర్డు పాడవుతుందని మెత్తటి కవరు తొడుగుతారు. దుమ్ము ఆగుతుంది గానీ, వేలికి బొడిపె అందదు, కళ్లు మళ్లీ కిందికి దిగుతాయి. కవరు తప్పదనుకుంటే 5 మీద కవరు పైన ఒక చుక్క ఫెవిక్విక్ ఆరబెట్టండి, గుర్తు తిరిగొస్తుంది. తడి చేతులతో చీటీ రాసే మనిషీ, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషీ వేరుగా ఉంటే ఇంకా మేలు.

మనందరి చేతుల్లో ఉన్న ఫోన్ కూడా ఈ పనికి అడ్డమే. ఫోన్‌లో పైవరస 1, 2, 3. కీబోర్డు మీద పైవరస 7, 8, 9. ఈ గొడవ పాతదే. కీబోర్డు, క్యాలిక్యులేటర్ల వరస అమెరికాలో సండ్‌స్ట్రాండ్ అన్నదమ్ముల కూడికల యంత్రం నుంచి వచ్చింది, దాని పేటెంటు 1914 నాటిది. ఫోన్ వరస బెల్ లేబొరేటరీస్ వాళ్లు రకరకాల అమరికలు మనుషులతో నొక్కించి చూసి తేల్చింది. ఆ పరిశోధన 1960లో అచ్చయింది, బటన్ ఫోన్లు 1963లో జనంలోకి వచ్చాయి. అప్పట్నుంచి లోకం రెండు వరసలతో బతుకుతోంది. పొద్దంతా ఫోన్ మీద నంబర్లు కొట్టి, సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న చెయ్యి 7 బదులు 1, 9 బదులు 3 కొడుతుంది. మధ్య వరసా, సున్నా రెండింటిలోనూ ఇంచుమించు ఒకచోటే ఉంటాయి కాబట్టి ఈ తప్పు అప్పుడప్పుడే బయటపడుతుంది, అందువల్లే దొరకడం కష్టం.

దొరకడం కష్టమే గానీ, ఆనవాలు వదలకుండా పోదు. లెక్క తేలనప్పుడు వచ్చే తేడా ఉంది చూశారా, దాన్ని చదవడం వస్తే ఏ వేలు తప్పు చేసిందో అదే చెబుతుంది. పాత అకౌంటెంట్లకి ఇందులో ఒక ముక్క బాగా తెలుసు: తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే రెండంకెలు తారుమారయ్యాయని అనుమానించు. 1010లోంచి 1001 తీసేస్తే తొమ్మిదే కదా. కారణం తేలికే. పదుల స్థానంలో ఉన్న అంకె విలువ పదింతలు, ఒకట్ల స్థానంలో ఉన్నదానిది ఒక్కింత. రెండూ చోట్లు మార్చుకుంటే వచ్చే తేడా ఎప్పుడూ పదిలోంచి ఒకటి పోగా మిగిలిన తొమ్మిదింతలే.

ఒక లెక్క వేసి చూద్దాం. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. 75 కేజీల బస్తాలు 70 తోలిన రైతుకి 52.50 క్వింటాళ్లకి పైసలు వదిలేస్తే 1,24,372 రావాలి. కొట్టినవాళ్లు 1,42,372 అని కొట్టారు. రోజు చివర మొత్తం కూడితే 18,000 తేడా. తొమ్మిదితో భాగిస్తే 2,000 వచ్చింది. ఇందులో రెండు కబుర్లున్నాయి. ఒకటి, తారుమారైన అంకెల మధ్య తేడా రెండు. రెండోది, అవి వేలూ పదివేల స్థానాల్లో ఉన్నాయి. ఇక 300 చీటీలు తిరగేయనక్కర్లేదు. ఆ రెండు స్థానాల్లో 2-4, 3-5, 5-7 లాంటి జంటలున్నవి మాత్రం చూస్తే చాలు. ఒక సున్నా ఎక్కువ పడినా తేడా తొమ్మిదితో పోతుంది. 1,24,372 బదులు 12,43,720 అని పడితే తేడా 11,19,348. తొమ్మిదితో భాగిస్తే అసలు మొత్తమే, 1,24,372 తిరిగొస్తుంది.

పైన చెప్పింది కన్ను చేసే తప్పు. వేళ్లు చేసే తప్పులకి వేరే గుర్తులున్నాయి. సున్నాని పక్కన పెడితే, నంబర్ ప్యాడ్ మీద కిందా మీదా ఉన్న అంకెల మధ్య తేడా ఎప్పుడూ మూడే: 1-4, 4-7, 2-5, 6-9. కాబట్టి లెక్క సరిగ్గా 3 గానీ, 30 గానీ, 300 గానీ తేడా వస్తే చెయ్యి ఒక వరస పైకో కిందికో జరిగిందని అనుమానించాలి. రొయ్యల కౌంటు దగ్గర ఇది ఎంత పని చేస్తుందో చూడండి. కౌంటు అంటే కేజీకి ఎన్ని తూగుతాయన్నది. 40 కౌంటు అంటే పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 70 కౌంటు అంటే చిన్నది, ధర తక్కువ. 4 మీద పడాల్సిన చూపుడువేలు పైన 7 మీద పడితే రైతు రొయ్య తెర మీద చిక్కిపోతుంది. పక్కపక్క అంకెల మధ్య తేడా ఒకటి కాబట్టి 1, 10, 100 తేడా వస్తే వేలు పక్కకి పోయిందని అర్థం. ఫోన్ అలవాటుతో చేసే తప్పుకి తేడా ఆరు: 7 బదులు 1, 8 బదులు 2. బస్తాలు 70 ఉండాల్సిన చోట 10 ఉంటే తేడా 60. ఇవన్నీ రుజువులు కావు సుమా. ఏ తేడా అయినా తొమ్మిది తేడాల్లో ఒకటి చొప్పున ఊరికే కూడా తొమ్మిదితో పోతుంది, రెండు తప్పులు కలిస్తే గుర్తులు చెరిగిపోతాయి. ఎక్కణ్ణుంచి వెతకడం మొదలెట్టాలో చెబుతాయి, అంతవరకే.

అయితే తేడా అనేది కనబడాలంటే ముందు సరిచూసుకోవడానికి ఒక మొత్తం ఉండాలి. 50 చీటీలు కట్టగా పెట్టి, ఎక్కించకముందే ఇంకొకరి చేత తూకాలన్నీ క్యాలిక్యులేటర్ మీద కూడించి, పై కాగితం మీద రాయించండి. ఎక్కించాక కంప్యూటర్ మొత్తం దాంతో కలవాలి. ఖాతా నంబర్లని కూడా ఇలా కూడొచ్చు. ఆ మొత్తానికి అర్థం పర్థం ఉండదు గానీ, ఒక్క అంకె తప్పినా కలవదు. కార్డులకి చిల్లులు పొడిచి లెక్కలు చేసిన రోజుల్లో ఒకే కాగితాన్ని ఇద్దరు మనుషులు వేరువేరుగా కొట్టేవారు. తేడా వచ్చిన చోట యంత్రం ఆగేది. బ్యాంకు యాప్ ఖాతా నంబరు రెండోసారి కొట్టమని ఇప్పుడు విసిగించడం ఆ పద్ధతికి వారసత్వమే.

కొన్ని నంబర్లు తమని తాము కాపాడుకుంటాయి. ఆధార్‌లో చివరి అంకె మిగతా 11 అంకెల నుంచి వెర్‌హోఫ్ అనే డచ్ గణితవేత్త పద్ధతిలో లెక్కగట్టి పెట్టింది. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా లెక్క కుదరదు, తెర ఒప్పుకోదు. వర్తకుల జీఎస్‌టీ నంబర్లో 15వ గుర్తు కూడా అలాంటి కాపలాదారే. ఆ నంబరు మన రాష్ట్రంలో 37తో మొదలవుతుంది. పశ్చిమ గోదావరి బండ్ల మీద ఏపీ 37 చూస్తూ పెరిగిన చేతికి ఈ కోడ్ నేర్చుకోనక్కర్లేదు. ఐఎఫ్‌ఎస్‌సీలో నాలుగు అక్షరాల తర్వాత వచ్చే అయిదోది ఎప్పుడూ సున్నా. దాన్ని 'ఓ' అనుకుని కొట్టేవాళ్లకి లెక్కలేదు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బ్యాంకు ఖాతా నంబరు. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు పేరుని బట్టి కాదు, నంబరుని బట్టే జమ అవుతుంది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ 1 నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలు వచ్చింది. ఆ పేరు చదవకుండా ముందుకు నొక్కేస్తే అది ఉన్నా లేనట్టే.

ఎక్సెల్‌లో ఎక్కించేవాళ్లకి రెండు ముక్కలు. ఖాతా నంబర్లు వచ్చే కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే మొదట ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబరుకి 16వ అంకె నుంచి సున్నాలైపోతాయి, మీరు ఎంత సరిగ్గా కొట్టినా సరే. రెండోది, అడ్డంగా ట్యాబ్ కొట్టుకుంటూ పోయి చివర ఎంటర్ కొడితే కర్సర్ తిన్నగా కింది వరస మొదటి గడికి వస్తుంది. మౌస్ పట్టుకునే పనే లేదు. అంకెలు కొడుతుంటే తెర మీద కర్సర్ పిచ్చిగా గెంతితే నమ్ లాక్ ఆరిపోయిందని గుర్తు. అప్పుడు చుక్క నొక్కితే డిలీట్ అవుతుంది, జాగ్రత్త.

ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టే పద్ధతి మిల్లుల్లో ఇంకా ఉంది. ఆ మోతలో డెబ్బై, తొంభై, ఎనభై దాదాపు ఒకేలా వినిపిస్తాయి, ఇంగ్లిష్‌లో చదివితే ఫైవ్, నైన్ కూడా అంతే. 'ఏడు, సున్నా' అని విడివిడిగా, తెలుగులో, మూడేసి నాలుగేసి అంకెల చొప్పున చదివించండి. కొట్టినవాళ్లు తిరిగి చదివి వినిపించాలి.

కొట్టే మనిషి ఒంటి గురించి ఎవరూ పట్టించుకోరు. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తు బల్ల. కుర్చీ కిందికి, బల్ల పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరిగి ఉంటుంది, ఆ భంగిమలోనే రోజుకి ఏడెనిమిది గంటలు. మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో ఉండి, ముంజేయీ అరచెయ్యీ ఒకే తిన్నని గీతలో రావాలి. ఖర్చేమీ లేదు, కుర్చీలో ఒక దిండు వేస్తే చాలు, కాళ్లు అందకపోతే కింద ఒక పీట. కీబోర్డు వెనక కాళ్లు రెండూ మడిచేయండి, అవి మణికట్టుని ఇంకా విరుస్తాయి. చీటీల కట్ట ఎడమవైపు, ఎడమచేతి వేలు ఇప్పుడు కొడుతున్న వరస మీద. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ వదలదు. ల్యాప్‌టాప్‌కి నంబర్ ప్యాడ్ లేకపోతే విడిగా యూఎస్‌బీ ప్యాడ్ దొరుకుతుంది, కొనిపెట్టమని యజమానిని అడగడానికి మొహమాటపడొద్దు. పొడుగు కీబోర్డుకన్నా ఒకందుకు అదే నయం, భుజానికి ఎదురుగా జరుపుకోవచ్చు. ఎడమచేతివాటం వాళ్లైతే ఎడమవైపే పెట్టుకుని, చూపుడువేలు 6 మీద, ఉంగరపు వేలు 4 మీద ఉండేలా నేర్చుకోవచ్చు.

నేర్చుకునేవాళ్లకి మొదటి వారం చిరాగ్గానే ఉంటుంది. ఒంటివేలితో వచ్చే స్పీడు పోతుంది, కొత్తది ఇంకా రాదు. సీజన్ నడిమధ్యలో మొదలెడితే మూడోరోజు మానేస్తారు. దాళ్వా కోతలకి ముందు ఖాళీ రోజుల్లో రోజుకి పావుగంట చొప్పున పాత చీటీలు తీసుకుని, కీబోర్డు మీద ఒక తువ్వాలు కప్పి, దాని కింద చెయ్యి పెట్టి కొట్టండి. మొదట 4, 5, 6 మాత్రమే, తర్వాత పై వరస, తర్వాత కింది వరస, సున్నా, చివరికి చుక్క. తప్పు వచ్చినప్పుడు స్పీడు తగ్గించాలి, తప్పు రానిచోట పెంచాలి. స్పీడు విడిగా సాధన చేయనక్కర్లేదు.

మళ్లీ ఒంటి సంగతికి వస్తే, రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే, అది మణికట్టు దగ్గర నరం నలుగుతోందనడానికి గుర్తు. దానికి జండూబామ్ రాస్తే పోదు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతుంటే సాధారణంగా నలిగే చోటు మోచెయ్యి, బల్ల అంచుకి మోచేతులు ఆన్చి కూర్చునేవాళ్లకి వస్తుంది. ఆనించడం మానితే చాలాసార్లు అదే తగ్గుతుంది. తిమ్మిరి వారాల తరబడి ఉన్నా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించుకోవాలి. డాక్టరు దగ్గర రోజుకి ఎన్ని గంటలు కొడతారో, ఏ కుర్చీలో కూర్చుంటారో ముందే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు.